బల్లకి అడుగుపక్క

వర్క్‌షాపు, నా బెంచీ మీంచి
సోమవారం, భోజనాలయ్యాక

మహారాజశ్రీ బోర్డు మెంబరు బావగారికి,

బావమరిది ఉలి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వంగి వంగి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. క్షేమమో కాదో తేల్చే చోట నువ్వు కూర్చున్నావు కాబట్టి ఆ వాక్యం ఖాళీగా వదిలేస్తున్నా. నువ్వే పూరించి పంపు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేశాను. "మీటింగులో ఉన్నా" అని పెట్టేశావు. మళ్ళీ చేస్తే అక్క ఎత్తి "మీ బావ మీటింగులో ఉన్నారురా" అంది. వెనకాల నువ్వు ముక్కు చీదిన చప్పుడు నాకు వినబడింది. మీటింగులో అలా చీదనిస్తారా? అంచేత ఇక కాగితమే. ఉత్తరాన్ని మధ్యలో కట్ చెయ్యలేవు. మడిచి జేబులో పెట్టుకున్నా అక్కడ గుచ్చుకుంటూనే ఉంటుంది. సామాను లారీ డ్రైవరు వారానికోసారి అటు వస్తాడుగా, అతని చేతికే ఇస్తున్నా. జవాబూ అతనికే ఇవ్వు.

ముందు ఒక సందేహం తీర్చు. కార్మికుల తరఫున ఒకడు బోర్డులో ఉండాలన్నారు, మేమంతా చేతులెత్తి నిన్ను ఎన్నుకున్నాం. మొన్నటిదాకా నా పక్క బెంచీలో చిత్రిక పట్టినవాడివి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళావు. బాగుంది. కానీ బోర్డంటే ఏమిటి బావా? నాకు తెలిసినవి మూడే. స్కూల్లో దాని పక్కన నన్ను రోజూ నిలబెట్టిన నల్లది, కొట్టు మీద వేలాడేది, పౌడరు జల్లి కాయిన్లు కొట్టేది. వీటిల్లో నువ్వు దేంట్లో కూర్చున్నావు? ఇక్కడ అడుగుతున్నారు, చెప్పలేక చస్తున్నా.

ఇక రెండో సంగతి. నవ్వకుండా చదువు. వర్క్‌షాపు మూసేస్తారని అంటున్నారు. రంపప్పొట్టుకి జిగురు కలిపి మిషన్లో అదిమి అట్టలు చేసే ఫ్యాక్టరీ ఏదో ఉందట. సామాను అక్కణ్ణుంచి తెచ్చి, మన కంపెనీ పేరు అంటించి అమ్ముతారట. మన మేనేజరు కీచుబూట్లు (ఆ పేరు పెట్టింది నేనని అతనికింకా తెలీదు) అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తాడు. అందరూ నా బుర్ర తింటున్నారు. "మీ బావే కదా బోర్డు, అడగరాదూ" అని. పాలిష్ తాత అయితే పొద్దున రాగానే నా మొహం చూస్తాడు, జవాబు నా నుదుటి మీద అచ్చేసి ఉన్నట్టు.

మధ్యాహ్నం భోజనాలకి మన పాత టేకు పలకనే బల్లగా మామూలుగానే వేస్తున్నాం. నువ్వు వెళ్ళాక నీ చోటు ఖాళీగానే ఉంది. ఏమీ ఎరగనట్టు రంపం బాబాయి తన డబ్బా మూత నువ్వు చెక్కుకున్న అరచందమామ మీద పెట్టబోతే ఊరుకోలేదు. తన గుర్తు తన దగ్గరుంది, అక్కడ పెట్టుకోమన్నా. తను చేసిన మొదటి కుర్చీ అమ్ముడుపోయిన రోజున మనిషి తన గుర్తు చెక్కుకుంటేనే ఆ పలక మీద అతనికి చోటు. నీ చోటు నీ చేత్తో చెక్కుకున్నది. ఎవడబ్బ సొమ్మూ కాదు.

మూస్తారా, మూయరా? ఒక్క మాట చాలు.

నీ
బావమరిది

---

హెడ్డాఫీసు, మూడో అంతస్తు
గురువారం

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు. అవి నీకు అంటుకోవని తెలిసినా పద్ధతి కాబట్టి రాస్తున్నా.

నీ ఉత్తరం లిఫ్టులో చదివి నవ్వాను. పక్కనున్న అకౌంట్సు పెద్దమనిషి ఒక అడుగు దూరం జరిగాడు.

బోర్డు సంగతి నాకూ తెలీదురా. తెలీదని ఒప్పుకోడానికి సిగ్గేసి ఇక్కడ లైబ్రరీ గదిలో లావుపాటి డిక్షనరీ తీశా. అది ఎత్తడానికే మనిద్దరం కావాలి. అందులో ఉన్నది మన భాషలో చెప్తా విను. ఇంగ్లీషులో బోర్డు అంటే మొదట ఉత్త చెక్క పలక. అంతే. కోసిన పలక. ఆ పలకని రెండు ఆధారాల మీద పడుకోబెడితే బల్ల. దాని చుట్టూ కూర్చుని తినేవాళ్ళు కాబట్టి తినే బల్లకీ అదే పేరొచ్చింది. తర్వాత్తర్వాత దాని మీద పెట్టే తిండినే బోర్డు అన్నారు. హోటళ్ళ మీద "బోర్డింగ్, లాడ్జింగ్" అని ఉంటుంది చూడు, ఆ బోర్డింగ్ ఇదే, భోజనం. అలాంటి బల్ల చుట్టూనే పెద్దవాళ్ళు కూర్చుని మంచీ చెడ్డా మాట్లాడుకునేవాళ్ళు. మాటలు సాగి సాగి, బల్ల పేరు చుట్టూ ఉన్న మనుషులకి పట్టుకుంది. చెక్క పోయి మనుషులు మిగిలారు. నేను చదివింది ఇంతే. ఇది పట్టుకుని నువ్వేం చేస్తావోనని ఇప్పటికే భయంగా ఉంది.

ఇక్కడ మాత్రం చెక్క లేదు. అద్దం బల్ల. పైన అందరి మొహాలూ గంభీరంగా ఉంటాయి, కింద అన్నీ కనిపిస్తాయి. ఖర్చుల మాట రాగానే ఒకాయన కాలు కుట్టుమిషను తొక్కినట్టు ఆడిస్తాడు. చైర్మన్‌గారికి ఎడమ మోకాలికి పట్టీ. ఎవరి మాట నచ్చకపోయినా ఆ మోకాలే రాసుకుంటారు. మీటింగు ఎటు పోతోందో తెలియాలంటే నేను మొహాలు చూడను, మోకాలు చూస్తా. పోయిన వారం ఎవరో వేడి ఫ్లాస్కు పెడితే అద్దం ఈ మూల నుంచి ఆ మూలకి పగిలింది. కొత్తది చెక్కతో చేయించాలంటున్నారు.

నువ్వడిగిన రెండో సంగతి. పలు అంశాలు పరిశీలనలో ఉన్నాయి. బోర్డు విషయాలు బయటికి చెప్పకూడదని నా చేత సంతకం పెట్టించుకున్నారు. నువ్వు కంగారుపడకు, వాళ్ళనీ కంగారుపెట్టకు. వేషాలు వెయ్యకు.

అక్క నిన్ను సమయానికి తినమంది.

మీ బావ

---

వర్క్‌షాపు, అసలు బోర్డు మీంచి
సోమవారం

బావా,

"పలు అంశాలు పరిశీలనలో ఉన్నాయి" అట! ఇస్త్రీ చొక్కా వేసుకున్నాక నోటికి కూడా ఇస్త్రీ చేస్తారా? ఆ ముక్క పైకి చదివితే పాలిష్ తాత "అంటే ఏంట్రా" అన్నాడు. "అంటే ఏమీ కాదు తాతా" అన్నా. "ఏమీ కాకపోతే అంత పొడుగెందుకు" అన్నాడు.

కానీ మొదటి సంగతికి నీ నోట్లో పంచదార పొయ్యాలి. పలక. రెండు ఆధారాల మీద. చుట్టూ కూర్చుని తినడం. బావా, అది మేమే కదా! దుంగలు ఆన్చి కోసే రెండు కర్ర గుర్రాలు లాగి, గోడకి నిలబెట్టిన పలక వాటి మీద వేసి, రోజూ మధ్యాహ్నం మేం చేస్తున్నది అదే కదా! అసలు బోర్డు ఇక్కడుంది. మీరు మా పేరు అరువు తీసుకుని అద్దం మీద కూర్చున్నారు. పగిలిందంటే పగలదూ?

అంచేత నీ ఉత్తరం అందిన రోజు నుంచి ఇక్కడ బోర్డు మీటింగులు మొదలయ్యాయి. చైర్మన్ అంటే కుర్చీలో కూర్చునేవాడు, అంతేగా? మిగతా అందరికీ బెంచీలే. రిపేరుకి వచ్చిన చేతుల కుర్చీ ఒకటుంది, ఒక కాలు ఊగుతుంది. పెద్దవాడని పాలిష్ తాతని అందులో కూర్చోబెట్టాం. ఊగినప్పుడల్లా "ఆమోదం" అంటాడు. తీర్మానాలు రాసి నోటీసు బోర్డు మీద అంటించాను. మేనేజరుగారి బూట్లకి నూనె పెట్టవలెను: ఏకగ్రీవం. భోజనం తర్వాత రంపం బాబాయి పాడరాదు: ఒక్కటే వ్యతిరేకం, అది రంపం బాబాయిది. వర్క్‌షాపు సంగతి తేల్చేదాకా హెడ్డాఫీసువారు తమను బోర్డు అని పిలుచుకోరాదు, అద్దం అని పిలుచుకోవలెను: దీనికి చప్పట్లు.

కీచుబూట్లు మొహం ఎర్రగా చేసుకుని కాగితం చింపాడు. చింపి, ముక్కలు పారెయ్యకుండా కవర్లో పెట్టాడు. మీ దగ్గరికే వస్తాయేమో, అతికించుకుని చదవండి.

నవ్వు ఇంతవరకే. కొలతలాయన ఒకడు టేపు పట్టుకుని వచ్చాడు. మీ గదికి బల్ల కావాలట, మధ్యలో అతుకు ఉండకూడదట, బాగా ఆరిన టేకు కావాలట. యార్డులో ఏముంది? వంకర ముక్కలున్నాయి, రంపప్పొట్టుంది, ఒక కుక్క ఉంది. కొత్త దుంగలు రాలేదు. ఎందుకు రాలేదో నువ్వే చెప్పాలి. అంత పొడుగు, అంత వెడల్పు, అతుకులేని పలక ఈ కాంపౌండులో ఒక్కటే ఉంది. కీచుబూట్లు మేం తింటున్న బల్ల వైపు వేలు చూపించాడు. కొలతలాయన మా డబ్బాల మధ్యలోనే టేపు పరిచాడు. రంపం బాబాయి కూర మీంచి టేపు దాటిస్తూ "కొంచెం జరుగుతారా" అన్నాడు.

మా పలక. నాన్న తన గుర్తుగా చెక్కుకున్న సున్నా, దాని మధ్య చుక్క ఉన్న పలక. దాని పక్కన కూర్చోబెట్టుకునే నీకు ఉలి పట్టడం నేర్పాడు. అక్కని నీకిద్దామన్న మాట కూడా ఆ పలక దగ్గరే, చేతులు కడుక్కోకుండానే అన్నాడు.

నువ్వే అడ్డుపడాలి. పడవూ? సరే, పోనీ ఒకటి చెప్పు. ఆ గదిలో నీ కుర్చీ ఎక్కడ? కాళ్ళు ఎక్కడ బిగించాలో చూసుకోవాలి కదా, నీ మోకాళ్ళకి తగలకుండా.

మూస్తారా, మూయరా?

అసలు బోర్డు కార్యదర్శి,
నీ బావమరిది

---

హెడ్డాఫీసు
శుక్రవారం

ఒరేయ్,

ఇది చదివి చింపెయ్యి.

నీ తీర్మానాలు చైర్మన్‌గారి బల్ల మీదికి వచ్చాయి. అతికించి మరీ పంపాడు మీ మేనేజరు. ఆయన మొత్తం చదివారు, నవ్వలేదు. సొరుగులో పెట్టుకుని తాళం వేశారు. నా వైపు చూశారు. ఆ చూపు నేనింకా మోస్తున్నా. నీకేం, నువ్వు రాసి నిద్రపోతావు. ఆ గదిలో కూర్చోవలసింది నేను.

పలక సంగతి నా చేతుల్లో లేదు. చెక్క కంపెనీది. చిత్రిక పట్టి, నున్నగా పాలిష్ చేసి పంపు. పేచీ పెట్టకు. నెలాఖరు మీటింగుకి బల్ల ఇక్కడ ఉండాలి.

నా కుర్చీ తలుపు వైపు చివర్న. అవతలి చివర చైర్మన్‌గారు.

మీ బావ

తమ్ముడూ, అక్కని రాస్తున్నా. మీ బావ చూడకుండా అడుగున ఇరికిస్తున్నా. ఈయన సరిగ్గా తినట్లేదురా. కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నట్టు కెలుకుతాడు. ఏమైందంటే "బోర్డు విషయాలు బయటికి చెప్పకూడదు" అంటాడు. నేనేదో వీధిలో పోయేదాన్నయినట్టు! పొద్దున షేవింగ్ చేసుకుంటూ అద్దం ముందు కుడిచెయ్యి ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. ఏంటండీ అంటే భుజం పట్టేసిందన్నాడు. నీకేమైనా తెలిస్తే రాయి.

---

వర్క్‌షాపు
బుధవారం

బోర్డు మెంబరుగారికి,

ఇక నేనడగను. మీరు చెప్పనూ వద్దు. అక్క చెప్పింది చాలు.

యార్డులోకి దుంగలు రాలేదు. పాలిష్ డబ్బాలు అయిపోవస్తున్నాయి, కొత్తవి అడిగితే "ఈ బల్లకి సరిపోతాయిగా" అన్నాడు కీచుబూట్లు. సరిపోతాయి. అంటే ఈ బల్ల తర్వాత పాలిష్ చెయ్యడానికి ఇక్కడ ఏమీ ఉండదన్నమాట. నెలాఖరులో మీరంతా మా పలక చుట్టూ కూర్చుంటారు. మేమే చేసిచ్చిన బల్ల మీదే మా మీద చేతులెత్తుతారు. ఆ చేతుల్లో ఒకటి, అద్దం ముందు తాలీం అవుతోంది.

ఈ ముక్క ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే నోరు రావట్లేదు. నాకు నోరు రాకపోవడం, నవ్వుకో.

పలక నా బెంచీ మీదికి ఎక్కింది. మధ్యాహ్నం భోజనానికి బల్ల లేదు. ఎవడి బెంచీ దగ్గర వాడు, గోడ వైపు తిరిగి తింటున్నారు. డబ్బా మూతల చప్పుడు తప్ప ఇంకోటి లేదు. రంపం బాబాయి పాడతాడేమోనని నేనే ఎదురుచూశాను. పాడలేదు. పాడమన్నాను కూడా. "తీర్మానం ఉందిగా" అన్నాడు.

పాలిష్ తాత నా దగ్గరికొచ్చి పలక మీద తన గుర్తుని, అదే ఆ చెంబు బొమ్మని, బొటనవేలితో తడిమాడు. "చిత్రిక నువ్వే పడతావా, ఇంకెవరికైనా చెప్పనా" అన్నాడు. నేనే పడతానన్నా.

పడతాను. నాకిచ్చిన కాగితంలో "పైభాగం అద్దం వలె ఉండవలెను" అని ఉంది. అద్దం వలె ఉంటుంది. మీరు మొహాలు చూసుకోవచ్చు. చెప్పింది చెప్పినట్టు చేసే అలవాటు నాకు లేదని మీకు తెలుసు. ఈసారి మాత్రం అక్షరం పొల్లుపోకుండా చేస్తాను.

ఇట్లు,
కార్మికుడు

---

ఇంటి నుంచి, వంటింటి గట్టు మీద రాస్తున్నా
మీటింగు మర్నాడు

ఒరేయ్ గాడిదా,

నిన్ను తిట్టాలో దణ్ణం పెట్టాలో తేలక పొద్దుట్నుంచీ గదిలో అటూ ఇటూ తిరుగుతున్నా. మీ అక్క "కాలు నిలవకపోతే పోయి రాయండి" అని కాగితం ఇచ్చింది. సంతకం పెట్టిన సంగతి గుర్తుంది. అయినా రాస్తున్నా.

దాచి లాభం లేదు. చెయ్యెత్తుదామనే వెళ్ళాను. మూసేయడం ఖాయమని నాకు ముందే చెప్పారు. అందరూ ఒక్కమాట మీద ఉంటే మీలో కుదిరినవాళ్ళకి వేరే చోట పని చూస్తామన్నారు. నేనొక్కణ్ణి కాదంటే ఆ మాట కూడా పోతుందన్నారు. ఒక్క చెయ్యి అడ్డుపెట్టి ఏం ఆపుతాను అనుకున్నా. నువ్వు అడిగినప్పుడల్లా నీళ్ళు నమిలింది అందుకే.

బల్ల అందరికీ నచ్చింది. కుట్టుమిషను కాలాయన అందులో జుట్టు సరిచేసుకున్నాడు. నేను మాత్రం దాని మొహం వైపు చూడలేకపోయా. నా చందమామ మీద చిత్రిక నడిచిపోయిందనుకుంటే, మీ అక్క మీదొట్టు, పన్ను పీకించుకున్నట్టుంది.

"అనుకూలమైనవారు చేతులెత్తండి" అన్నారు. కుడిచెయ్యి లేస్తోంది. ఎడంచెయ్యి బల్ల అంచు కింద ఉంది. వేలికి ఏదో గాడి తగిలింది. ముందు పగులనుకున్నా. వేలు గాడి వెంట పోయింది. గుండ్రంగా తిరిగి మొదటికి వచ్చింది. మధ్యలో చుక్క.

మామయ్య.

కుడిచెయ్యి చెవి దగ్గర ఆగిపోయింది. ఎక్కదు, దిగదు. చైర్మన్‌గారు "ఏమయ్యా, అది ఎత్తినట్టా దించినట్టా" అన్నారు. నేను కుర్చీ వెనక్కి తోసి బల్ల కిందికి దూరాను. పైన గోల. ఎవరో "గుండెపోటు" అన్నారు, ఎవరో నీళ్ళు తెమ్మన్నారు. నేను వెల్లకిలా పడుకుని చూస్తున్నా. అన్నీ ఉన్నాయి. తాత చెంబు, రంపం బాబాయి చెక్కుకున్న రంపం పళ్ళ వరస, నా అరచందమామ, నీ గాడిద చెవులు. ఒక్కటీ పోలేదు. వెధవా, పలకని తిరగేసి అడుగుపక్కని అద్దం చేశావు! అదీ చాలక మామయ్య సున్నా సరిగ్గా నా ఒళ్ళోకి వచ్చేట్టు బిగించావు. నా మోకాళ్ళకి తగలకుండా చూస్తానన్నావే, దొంగా!

కింద నుంచే అన్నాను. "అయ్యా, ఇక్కడ ఇంకో బోర్డుంది."

చైర్మన్‌గారు దిగి వచ్చారురా. ఆ మోకాలు పెట్టుకుని, బల్ల పట్టుకుని, మూలుగుతూ. ఫోను లైటు వేశారు. ఒక్కో గుర్తు మీద లైటు పెట్టి "ఇదెవరిది" అని అడిగారు. చెప్పాను. ఎవరు ఏ పని చేస్తారో, మధ్యాహ్నం ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో, మొదటి కుర్చీ కథ, అంతా. గాడిద చెవుల దగ్గర లైటు ఆగింది.

"గాడిదా?"

"మా బావమరిదండి. తనే ఎంచుకున్నాడండి."

"ఆ తీర్మానాలు ఇతనివేనా?"

"అవునండి."

మళ్ళీ నవ్వలేదు. కానీ లైటు కొంచెం సేపు అక్కడే ఉంది. తర్వాత లేవబోతే మోకాలు లేవనివ్వలేదు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లాగాల్సొచ్చింది.

కుర్చీలో కూర్చున్నాక నన్నడిగారు, ఇంతకీ నీ ఓటేమిటని. "ఈ బల్ల దగ్గర చోటున్నవాళ్ళని పిలవకుండా ఈ బల్ల మీద తేల్చడం నాకు చేతకాదండి. నేను వ్యతిరేకం" అన్నా. కుట్టుమిషను కాలాయన "సెంటిమెంటుతో వ్యాపారం నడుస్తుందా" అన్నాడు. భుజం కదిలిన తీరు చూస్తే చైర్మన్‌గారు మోకాలు రాసుకున్నారు. ఎవరి మాట నచ్చక రాసుకున్నారో తెలీదు. ఇప్పుడు అద్దం లేదు కాబట్టి ఇంకేమీ కనబడలేదు. వచ్చే నెలకి వాయిదా.

నా కుర్చీ ఉంటుందో ఊడుతుందో తెలీదు. మీ పని కూడా అంతే. ఇంతకంటే మంచి కబురు నా దగ్గర లేదు. కానీ నిన్న రాత్రి కంచం ఖాళీ చేశానని మీ అక్క రాయమంది.

మీ బావ

---

వర్క్‌షాపు, తలుపు మీంచి
సోమవారం

బావా,

తలుపు మీంచి అంటే నిజంగా తలుపే. ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్ళని తలుపొకటి ఉంటే కర్ర గుర్రాల మీద వేశాం. గొళ్ళెం రంపం బాబాయి డబ్బాకి అడ్డొస్తోంది. అయినా అందరం మళ్ళీ ఒకచోట తింటున్నాం.

నీ ఉత్తరం పైకి చదివాను. "గాడిదా" అన్న చోట అందరూ నా వైపు తిరిగారు. మామయ్య అన్న చోట పాలిష్ తాత లేచి, ముక్కులో పొట్టు దూరిందని బయటికెళ్ళాడు.

వాయిదా వేస్తే ఎలా బావా? కొట్టేస్తే కొట్టెయ్యాలి, చెయ్యి గాల్లో పెట్టుకుని ఎన్నాళ్ళుంటారు? చేతిలో పని లేదు. చిన్న చిన్న రిపేర్లు. నేను ఉలి నూరిందే నూరుతున్నా, ఇంకొంచెం నూరితే పిడే మిగులుతుంది. కీచుబూట్లు నిన్న పక్కకి పిలిచి "బల్ల తిరగేయమని ఎవరు చెప్పారు" అన్నాడు. "తిరగెయ్యొద్దని ఎవరు చెప్పారు" అన్నా. అతను "నా పని కూడా ఇక్కడే కదయ్యా" అన్నాడు. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. బూట్లకి నూనె నేనే పెట్టిస్తానన్నా.

పోట్లాటలో నిన్ను "మెంబరుగారూ" అన్నాను. అది వెనక్కి తీసుకుంటున్నా. మిగతావి అలాగే ఉంచు.

నీ బావమరిది

---

హెడ్డాఫీసు
మీటింగు రోజే, గబగబా

ఒరేయ్,

డ్రైవరు కింద హారన్ కొడుతున్నాడు. ఏడాదిపాటు మూయరు. దుంగలకి ఆర్డరు వెళ్ళింది. ఏడాది తర్వాత మళ్ళీ చూస్తారట, అది గుర్తుపెట్టుకో, ఎగిరి గంతులెయ్యకు.

ఎలా జరిగిందో చెప్పాలంటే, ఆ నెలంతా ఆ గదిలో ఎవరికీ చేతులు పైన నిలవలేదు. ఏ మీటింగు పెట్టినా ఒక్కొక్కడి చెయ్యీ మెల్లిగా బల్ల కిందికి పోతుంది. అక్కడ గాడి వెతుక్కుంటుంది. కుట్టుమిషను కాలాయన లెక్కలు చెబుతూ రంపం బాబాయి పళ్ళ మీద వేళ్ళు ఆడిస్తున్నాడు, తనకే తెలీదు. ఒకరోజు ఫైలు మర్చిపోయి గదిలోకి వెళితే చైర్మన్‌గారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. లైట్లు వెయ్యలేదు. నన్ను చూసి చేతులు బల్ల మీద పెట్టుకున్నారు. నేను ఫైలు తీసుకోకుండానే వచ్చేశా.

ఇవాళ మూతకి అనుకూలంగా కొన్ని చేతులు లేచాయి. చాలలేదు. అంతకంటే చెప్పను.

బల్ల వెనక్కి పంపమన్నారు చైర్మన్‌గారు. "దీని దగ్గర పని సాగదు, వీళ్ళ బల్ల వీళ్ళకి పంపండి, మనకి ఇంకోటి చేయించండి" అన్నారు. అంటే నీకు ఇంకో బల్ల ఆర్డరు. ఈసారి రెండు పక్కలా నునుపు కావాలని రాయించారు.

మీ బావ

---

వర్క్‌షాపు, మా బోర్డు మీంచి
మధ్యాహ్నం

బావా,

ఇక్కడ అందరం క్షేమం. ఈ వాక్యం ఏడాదికి చెల్లుతుంది.

పలక దిగింది. కాళ్ళు ఊడదీసి, గుర్తులు పైకి వచ్చేట్టు తిరగేసి గుర్రాల మీద వేశాం. మీ అద్దం ఇప్పుడు కిందికి పోయింది, కాబట్టి మా మోకాళ్ళు మొహాలు చూసుకుంటున్నాయి. రంపం బాబాయి పాడాడు. వద్దన్న తీర్మానం నేనే రద్దు చేశాను, విన్నాక తప్పు చేశానని తెలిసింది.

కానీ ఒక సంగతి తేలాలి. అవతలి చివర, ఖాళీగా ఉండాల్సిన చోట కొత్త గుర్తొకటి ఉంది. ఉలితో చేసింది కాదు. కవర్లు చింపే కత్తితోనో దేంతోనో గీకారు. ఒక గీత, దాని మీద ఇంకో గీత, కింద రెండు వంకరలు. అందరం వంగి చూశాం. కుర్చీ అనుకుంటా, కూర్చుంటే పడిపోయేలా ఉంది. ఇది నీ చెయ్యి కాదు, నీ చెయ్యి నాకు తెలుసు. ఇంత చెత్త చెయ్యి ఈ వర్క్‌షాపులో పుట్టలేదు.

బోర్డు అత్యవసరంగా సమావేశమైంది. మొదటి కుర్చీ అమ్మకుండా గుర్తు చెక్కడం మన పద్ధతిలో పెద్ద నేరం. కీచుబూట్లు కూడా మాతోనే తిన్నాడు కాబట్టి అతనూ అనుకూలమే. శిక్ష: ఆ మనిషి స్వయంగా వచ్చి ఒక కుర్చీ చెయ్యాలి. అది అమ్ముడుపోవాలి. అప్పటిదాకా ఆ చోట ఎవరూ డబ్బా పెట్టరాదు, ఎవరూ చెరపరాదు.

ఎవరు బావా?

నీ బావమరిది

---

హెడ్డాఫీసు, మూడో అంతస్తు

ఒరేయ్ బావమరిదీ,

బోర్డు విషయాలు బయటికి చెప్పకూడదు.

వచ్చే సోమవారం భోజనాల వేళకి నేనూ, ఇంకొకరూ వస్తున్నాం. శిక్ష సంగతి చెప్పాను. కుర్చీ కష్టం, స్టూలుతో సరిపెడతారేమో కనుక్కోమన్నారు. నా చోటు పక్కన ఒక చిన్న ఉలి నూరి పెట్టు. ఆ చివర బెంచీ మాత్రం కాస్త ఎత్తుగా వెయ్యి. ఆయనకి ఎడమ మోకాలు వంగదు.

మీ బావ